పాట అందించే పెద్దమ్మ

మా వీధి మలుపులో ఇస్త్రీ కొట్టు నడిపే పెద్దమ్మకు ఆదివారం పూట వేరే పని ఉండేది. పుస్తకాలు అచ్చేసే ప్రెస్సు మేడ మీద కూడుకునే ఒక చిన్న క్రైస్తవ సంఘంలో ఆవిడ పాట అందించేది. అందించడమంటే పాడటం కాదు. ముందు నిలబడి ఒక వరుసను మామూలు మాటలా, గట్టిగా, చకచకా చెప్పి ఆగాలి. జనం దాన్ని రాగంలోకి ఎత్తుకుంటారు. వాళ్ల ఊపిరి అయిపోయేలోగా తరవాతి వరుస చెప్పెయ్యాలి. కాస్త ఆలస్యమైందా, పాట చక్రం ఊడిన బండిలా నడిమధ్య కూలబడుతుంది.

సంఘం మొదలైన రోజుల్లో అందులో చదువొచ్చినవాళ్లు లేరట. మూటలు మోసేవాళ్లు, కూరల బుట్టలవాళ్లు, ఇళ్లల్లో పని చేసుకునేవాళ్లు. పుస్తకం కొన్నా ఎవరు చదవాలి? అందుకని ఒకరు చెప్పడం, అందరూ పాడటం అలవాటు చేసుకున్నారు. మొదట్లో పెద్దమ్మ అత్తగారు అందించేది. ఆవిడ గొంతు పోయాక కోడలి మీద పడింది.

"భయం వేయలేదా పెద్దమ్మా?" అని అడిగానొకసారి.

"వేయకేం బాబూ! మొదటివారం రెండో చరణం వదిలేసి మూడోదానికి దూకేశాను. ముందు వరుసలోంచి మా అత్త కళ్లురిమింది. జనం మాత్రం నేనేది చెబితే అదే పాడేశారు. అప్పుడు తెలిసింది నాకు, వీళ్లు నన్ను నమ్ముకుని నోరు తెరుస్తున్నారని."

పాటలన్నీ ఆవిడ కొట్టులోనే వల్లె వేసుకుంది. నీళ్లు చిలకరించి, కాలరు మీద పెట్టె ఆనించినప్పుడు ఒక వరుస. పెట్టె ఎత్తి బొగ్గుల మీది బూడిద ఊదేటప్పుడు ఊపిరి. చేతులకొకటి, వీపుకొకటి, మడతకొకటి. పొడుగు చేతుల చొక్కాకైతే చరణం పూర్తిగా సరిపోతుందనీ, పొట్టి చేతులదైతే సగంలో ఆగిపోతుందనీ నవ్వేది.

ప్రెస్సు యజమాని పోయాడు. కొడుకులు ఆ పాత కట్టడం పడగొట్టి కొత్తది కట్టాలనుకున్నారు. సంఘాన్ని నడిపే అయ్యగారు ఆ కబురు మేడ మీద చెప్పిన రోజున ఎవరూ ఇంటికి కదల్లేదట.

పెద్ద రోడ్డుకవతల ఇంకో సంఘం ఉంది. వాళ్లకు ఎత్తయిన హాలూ, బెంచీలూ ఉన్నాయి, కూర్చునే మనుషులే తగ్గిపోయారు. వీళ్ల సంగతి విని, అద్దె మాట ఎత్తకుండా, రండి, ఒకటే సంఘంగా ఉందాం అని కబురంపారు. వచ్చిన చిక్కల్లా ఒకటే. అక్కడ పాటలు గోడ మీది తెర మీద అక్షరాలుగా వస్తాయి. చూసి చదువుకుంటూ పాడాలి. మేడ మీది వాళ్లలో సగం మందికి అక్షరం రాదు.

అందరికంటే ముందు లేచింది పెద్దమ్మ తోడికోడలు. ఆవిడ బజారులో కూరలమ్ముతుంది, ఆ గొంతు రెండు వీధులవతలికి వినబడుతుంది.

"మేం పోయి ఆ గోడకేసి గుడ్లప్పగించి కూచోవాలా అయ్యగారూ? అంతకంటే మా ఇళ్లల్లోనే ఏ వీధివాళ్లం ఆ వీధిలో కూడుకుంటాం. అక్క మాకు అందిస్తుంది. ఏమక్కా?"

అందరూ పెద్దమ్మ వైపు చూశారు. ఆవిడ ఊఁ అంటే చాలు, మాట తేలిపోయేది.

"వద్దు, అక్కడికే పోదాం" అంది పెద్దమ్మ.

"అక్కడ నీతో పనేముందని?"

"నాతో పని లేకపోతే మానె. ఇవాళ కొంపల్లోకి విడిపోతే వచ్చే ఏడాదికి ఎవరికెవరం? ఇక్కడిదాకా తెచ్చిన ప్రభువు రోడ్డు దాటించలేడా? పదండి. మీ నోళ్లు మూతపడనివ్వను."

"ఎలాగో చెప్పు మరి."

"అది నాకూ తెలీదే. ఆయనే చూపిస్తాడు."

"బాగుంది! ఆయన చూపించేదాకా మేం మూగనోము పట్టాలన్నమాట!"

నవ్వులు లేచాయి కాని, ఆ నవ్వుల్లోనే అంతా ఒప్పుకున్నారు. ఆవిడ మాట మీద ఒప్పుకున్నారు. పెద్దమ్మకు బరువనిపించింది అదే. ఆ వారమంతా ఆవిడ చెయ్యి పెట్టె మీద, మనసు ఆ తెర మీద. ఎన్నడూ లేనిది ఒక చొక్కా జేబు మాడ్చింది. ఆ చొక్కా నాదే.

ఆదివారానికి సంఘంలోని అందరి బట్టలూ ఊరికే ఇస్త్రీ చేసిపెట్టింది. "పరాయివాళ్ల ఇంటికి ముడతలతో పోతామా?" అంది. అలా చలవ మడతల్లో తళతళలాడుతూ వెళ్లి, అందరూ వెనక బెంచీల్లో ఒద్దికగా సర్దుకున్నారు.

మొదటి పాట తెర మీదకొచ్చింది. కీబోర్డు అమ్మాయి చకచకా వాయించుకుపోతోంది. ముందు బెంచీలవాళ్లు సన్నగా పాడుతున్నారు. వెనక మాత్రం ఊఁ ఊఁ అనే మూలుగు తప్ప ఏమీ లేదు. పెద్దమ్మకు కూడబలుక్కుని చదవడం వచ్చు. ఒక్కో వరుసా పట్టుకుని గుసగుసగా అందించబోయింది. ఆవిడ సగం చెప్పేసరికి తెర మీద తరవాతిది వచ్చేస్తోంది.

"వినపడట్లేదక్కా" అని తోడికోడలు మోచేత్తో పొడిచింది.

"నన్నేం చేయమంటావే? అరిస్తే బాగుంటుందా?"

రెండో పాటకు మూలుగు కూడా ఆగిపోయింది. బజారంతా దద్దరిల్లించే తోడికోడలు నోరు కట్టుకుని కూర్చుంది. నేనే తీసుకొచ్చి వీళ్లందరినీ మూగవాళ్లను చేశానా అని పెద్దమ్మ కొంగు కళ్లకద్దుకుంది. ప్రార్థన ఒక్క మాటే చేసిందట, "మాట ఇచ్చేశాను ప్రభువా, ఇక నీదే" అని.

అప్పుడు ఆ హాలు పాస్టరుగారు ప్రకటనలకు లేచారు. నిదానస్తుడు, గట్టి గొంతు, వాక్యానికో విరామం.

"వెనక గేటుకడ్డంగా బళ్లు పెట్టకండి" అని ఆగారు.

మేడ మీది వాళ్ల ఒంట్లో ఇంకిపోయిన అలవాటు ఒకటుంది. ముందు నిలబడ్డ మనిషి ఒక వరుస గట్టిగా చెప్పి ఆగితే, వెనక వాళ్ల నోళ్లు వాటంతటవే తెరుచుకుంటాయి. మొదట తోడికోడలు ఎత్తుకుంది. ఆ వెనకే బెంచీలన్నీ.

"వెనక గేటుకడ్డంగా... బళ్లూ పెట్టకండీ..."

సాగదీసి, రాగం తీసి, చివర్న చక్కగా దించారు కూడా. ముందు బెంచీలవాళ్లు గిర్రున వెనక్కి తిరిగారు. అయ్యగారు తల పట్టుకున్నారు. తోడికోడలు నాలిక్కరుచుకుని బెంచీ కిందికి జారబోయింది.

పాస్టరుగారు ఏం చేయాలో తోచక, అలవాటు కొద్దీ తరవాతి ప్రకటన చదివారు. "చేతులు కడుక్కున్నాక కుళాయి కట్టెయ్యండి."

ఈసారి వెనకవాళ్లు పెదాలు బిగించారు. కాని ముందు బెంచీలోంచి ఒక ముసలి గొంతు వణుకుతూ లేచింది. ఆ హాలు సంఘంలోకెల్లా పెద్దాయన, మందపాటి కళ్లద్దాల తాతగారు.

"చేతులు కడుక్కున్నాక... కుళాయీ కట్టెయ్యండీ..."

ఇక నవ్వు ఆగలేదు. ఎవరు ఎవరి వీపు చరిచారో తెలియనంతగా నవ్వారు. నవ్వులు తగ్గాక తాతగారు లేచి నిలబడ్డారు.

"నవ్వండర్రా, ఫరవాలేదు. ఆ తెర పెట్టినప్పట్నుంచీ నేను పాడలేదు. అక్షరాలు అలుక్కుపోయినట్టుంటాయి నాకు. ఇవాళ నా చెవికొక పాట అందింది. కుళాయి పాటైతేనేం?"

"ఇన్నాళ్లూ చెప్పలేదేం తాతగారూ?" పాస్టరుగారి మొహంలో నవ్వు పోయింది.

"నా ఒక్కడి కోసం ఏం చెప్పను అనుకున్నా."

"ఒక్కరేమిటి, నాకూ కనపడదు" అంది పక్క బెంచీలో ఒక ముసలమ్మ. ఇంకో చెయ్యి లేచింది. ఆ పక్కన ఇంకోటి.

పాస్టరుగారు వెనక బెంచీలకేసి చూశారు. "ఈ అందించడం మీలో ఎవరిదండీ?"

"ఇదిగో, మా అక్కది! చేసిందంతా ఈవిడే!" తోడికోడలు పెద్దమ్మ రెక్క పట్టుకుని లేపి నిలబెట్టింది.

పెద్దమ్మ కొంగు సర్దుకుని ముందుకు నడిచింది. మైకిస్తే వద్దంది. ముందు తాతగారి వైపు, తరవాత వెనక బెంచీల వైపు చూసి, మేడ మీద చెప్పినట్టే చెప్పింది.

"నిన్నటి దారిలో నడిపినవాడా!"

వెనక బెంచీలు కట్టు తెంచుకున్నట్టు ఎత్తుకున్నాయి. ముందువాళ్లకు ఆ పాట కొత్త. అయినా మాట చెవిన పడ్డాక రాగం పట్టుకోవడానికి ఎంతసేపు?

"రేపటి వాకిట నిలిచినవాడా!"

ఈసారి హాలంతా ఎత్తుకుంది. తాతగారు బెంచీ మీద తాళం వేస్తున్నారు. కీబోర్డు అమ్మాయి వాయించడం ఆపి, పెద్దమ్మ నోటికేసి చూసి, మళ్లీ అందుకుంది. ప్రెస్సు మేడ మీద పైకప్పు కిందికుండేది, పాట తలల మీదే ఆగిపోయేది. ఇక్కడ తను చెప్పిన మాట అవతలి గోడ దాకా పోయి, వంద గొంతులై తిరిగొచ్చి గుండెకు తగిలిందని పెద్దమ్మ నాతో చెప్పింది.

పాట అయిపోగానే, "ఇంకోటమ్మా!" అని కేకేసింది ఎవరో కాదు, పాస్టరుగారే. దాని తరవాత ఇంకోటి. చివరికాయన బైబిలు మూసి, "నేను చెప్పాలనుకున్నది మీరు పాడేశారు" అని కూర్చున్నారట.

ఇప్పుడక్కడ తెరా ఉంది, పెద్దమ్మా ఉంది. ఆవిడ చెప్పాకే తెర కదులుతుంది.

"ఆ రోజు బయటికొచ్చాక ఎవరు మేడ వాళ్లో, ఎవరు హాలు వాళ్లో నాకే తెలియలేదు బాబూ" అంది పెద్దమ్మ. "పలకరిస్తే ఒక్కళ్లకీ మాట పెగల్లేదు. అందరి గొంతులూ బొంగురుపోయి ఉన్నాయి."