నల్లా అత్తకు ఆరు చేతులు

బొమ్మ వేయడమంటే ఉన్నది ఉన్నట్టు దించేయడమేనని గట్టిగా నమ్ముతూ తిరిగిన రోజులు నాకూ ఉన్నాయి. కామాటిపురాలో వరసగా ఒంటిగదుల ఇళ్ళుండే మా చాల్‌లో ఎవరింట పెళ్ళయినా గోడ మీద పేర్లు, గుమ్మం ముందు రంగుల నెమళ్ళు నా చేతి మీదుగానే పడేవి. "మా పోరి ఫోటో లెక్క దించుతది" అని మా అవ్వ (నాన్నను కన్నతల్లి) కింది నుంచి పైఅంతస్తు దాకా వినబడేలా చెప్పుకునేది. అందువల్ల నా తల కొంచెం పైకే ఉండేది. అలాంటి నన్ను, బొమ్మల కాలేజీ ప్రవేశానికి తయారు చేసే మరాఠీ సర్ మొదటి రోజే నేలమీదికి దించేశాడు. నా కాగితాలన్నీ తిరగేసి, "అందరూ చాలా శుభ్రంగా ఉన్నారమ్మా, ఒక్కరికీ ప్రాణం లేదు" అన్నాడు.

ఆయన ఒక లావుపాటి పుస్తకం ఇచ్చాడు. మనుషుల్ని ఉన్నట్టు కాకుండా, లోపల ఏం మరుగుతోందో అది పైకి కనబడేలా వేసిన చిత్రకారులంతా అందులో ఉన్నారు. ఒకాయన వేళ్ళను చీపురు పుల్లల్లా సాగదీశాడు. ఇంకొకాయన బుగ్గలకు ఆకుపచ్చ పూశాడు. ఒకావిడ బొగ్గుతో వేసిన తల్లుల చేతులు వాళ్ళ ముఖాలకన్నా పెద్దవి. స్కెచ్‌బుక్‌లో ఎడమ పేజీలో వీళ్ళను చూసి నేర్చుకోవాలి, కుడి పేజీలో మా మనుషులతో వాళ్ళకు జవాబు చెప్పాలి. "గీత తప్పితే చెరపకు. పక్కనే ఇంకోటి గియ్యి. రబ్బరు ముట్టుకోవద్దు" అన్నాడు సర్. సోమవారం పొద్దున పుస్తకం కాలేజీలో ఇవ్వాలి. సీటు రాకపోతే ధారావిలో మా మేనమామ బ్యాగుల కార్ఖానాలో జిప్పులు కుట్టడానికి పంపుతానని నాన్న ముందే తేల్చేశాడు. (మామ మంచివాడే, నాకు జిప్పులంటేనే పడదు.)

సరే, మొదలుపెట్టాను. అవ్వకు పొడుగాటి వేళ్ళు వేస్తే "నాకేం రోగమొచ్చిందే?" అని రోజంతా చేతులు తడుముకుంది. నాన్నకు ఆకుపచ్చ ముఖం వేశాను, ఆయన అన్నం తిని, అద్దం చూసుకుని పడుకున్నాడు. ఆదివారం వచ్చేసరికి ఒకే ఒక్క పేజీ మిగిలింది. ఆ పొద్దున దేవుడు పంపినట్టు కింద నల్లా (కుళాయి) దగ్గర కొట్లాట మొదలైంది. మా చాల్‌లో నీళ్ళ వరస మొత్తం నల్లా అత్త చేతిలో ఉండేది. ఆమె ఎవరికీ చుట్టం కాదు, అందరికీ అత్తే. తలస్నానం చేసి జుట్టు విరబోసుకుని, ముఖానికి పసుపు, నుదుట రూపాయంత కుంకుమతో, వరస తప్పిన ఎవరినో ఉతికి ఆరేస్తోంది. నేను మెట్ల మీద కూచుని గీసేశాను. ఆమె చెయ్యి ఒకచోట నిలిస్తేగా! నీళ్ళ హండా ఎత్తింది, చెయ్యి గీశాను. పైపు లాగింది, ఇంకో చెయ్యి గీశాను. చీపురందుకుంది, మరొకటి. రబ్బరు ముట్టకూడదు కదా, లెక్క చూస్తే ఆరు తేలాయి. కళ్ళలో ఎర్ర రంగు నింపి, కోపంతో బయటికొచ్చిన నాలుకను కూడా వదలకుండా వేసి, సంతోషంగా స్నానానికి పోయాను.

అది బోనాల నెల. ఇది మాత్రం నా బుర్రకు తట్టలేదు. తిరిగొచ్చేసరికి నా స్కెచ్‌బుక్ దేవుడి అరలో బియ్యం డబ్బాకు ఆనుకుని నిలబడి ఉంది. ఆ పేజీకి పసుపు, కుంకుమ, చుట్టూ వేపమండలు, ముందు దీపం. చూపు సరిగా ఆనని మా అవ్వ చేతులు జోడించి కన్నీళ్ళు పెట్టుకుంటోంది.

"నీ చేతిల పోచమ్మ తల్లి ఒచ్చింది బిడ్డా!"

"అవ్వా, రేపు పొద్దున ఆ పుస్తకం ఇయ్యాలె!"

"ఏం ఇచ్చేది? ఆషాఢం అయ్యేదాక తల్లిని కదిలిస్తే ఊకుంటదా?"

అది నల్లా అత్త అని నోటిదాకా వచ్చింది. కానీ ఆ మాట కిందికి పాకితే మా ఇంటికి చుక్క నీళ్ళు రావు. అటు చూస్తే పోచమ్మ, ఇటు చూస్తే నల్లా అత్త, మధ్యలో జిప్పులు. మధ్యాహ్నానికి చాల్ సగం వచ్చి మొక్కిపోయింది. ఒకామె కొడుకు ఉద్యోగం కోసం ముడుపు కూడా కట్టింది. నాన్న తలుపు పక్కన నిలబడి, తన కూతురు ఎప్పుడింత భక్తురాలైందా అని నన్ను ఎగాదిగా చూస్తున్నాడు. సాయంత్రం కొబ్బరికాయ పట్టుకుని నల్లా అత్తే వచ్చింది. నేను అవ్వ వెనక్కి జరిగాను.

ఆమె భక్తిగా వంగింది. వంగినామె వంగినట్టే ఆగిపోయింది.

"అగో, అమ్మవారి చేతిల మా హండా ఎందుకుంది?"

అంచు విరిగితే కాల్చి అతికించిన ఆ నీలం ప్లాస్టిక్ హండాను నేను మచ్చతో సహా వేశాను. ఇక దాచి లాభం లేదు. ఏడుస్తూ కాలేజీ, సోమవారం, జిప్పులు అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. నల్లా అత్త బొమ్మకు ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"నేను కొట్లాడేటప్పుడు గిట్లుంటనా?"

"ఇంతకన్న జాస్తి ఉంటవ్" అంది అవ్వ, నిజం చెప్పే అలవాటు మానుకోలేక.

నేను కళ్ళు మూసుకున్నాను. వినబడింది తిట్టు కాదు, నవ్వు. నల్లా అత్త పొట్ట పట్టుకుని నవ్వుతోంది. "పుస్తకం పోరికి ఇచ్చెయ్ అవ్వా. నాకు మొక్కితే నల్లాల నీళ్ళు జాస్తి రావు. కొబ్బరికాయ నేనే తీస్కపోత, చట్నీ అయితది." అవ్వ అసలు పోచమ్మకు లెంపలేసుకుని దీపం అవతలికి జరిపింది. నేను తడిబట్టతో పసుపు తుడవబోతే అది ఇంకా పరుచుకుంది. మరునాడు పుస్తకం ఇచ్చే ముందు సర్ ఆ పేజీ దగ్గర ఆగి, "ఈమెకు ప్రాణముంది" అన్నాడు. ఆ మాటే కాలేజీవాళ్ళకూ అనిపించిందేమో, సీటు వచ్చింది.

ఇప్పుడు నేనే పిల్లలకు బొమ్మలు నేర్పుతున్నాను, నా బొమ్మలు బాగున్నాయని నలుగురూ అంటారు. మనసు మాత్రం అప్పుడప్పుడు ఆ సోమవారం పొద్దున్నకే పోతుంది. నల్లా ముందు వరస పొడుగ్గా ఉంది. నన్ను చూడగానే నల్లా అత్త అందరినీ పక్కకు తోసి, "పోరికి లేటయితది, ముందు ఆమెను పట్టుకోనియ్యుండ్రి" అని నా బకెట్‌ను తన చేత్తో నల్లా కింద పెట్టింది. జీవితంలో మొదటిసారి జనం తనకు మొక్కితే, ఆ మొక్కులు నా కోసం వదులుకున్న మనిషి ఆమె. అప్పుడు నాకది తట్టనైనా లేదు. తడిజుట్టుతో, పుస్తకం గుండెలకు హత్తుకుని, తన బొమ్మ గొప్పదనం వల్లే గట్టెక్కానని మురిసిపోతూ గ్రాంట్ రోడ్ స్టేషన్ వైపు పరుగెడుతోంది అప్పటి ఆ పిల్ల. ఎంత గర్వమో పాపం. పోనీలే, అలాగే అనుకోనీ.