తెలుగు పేజీలో లేని వాక్యం

మా ఊరు ప్లెయిన్స్‌బరోలో పెద్దవాళ్లను డాక్టర్ల దగ్గరికి కార్లో తీసుకెళ్లే వాలంటీర్ల బృందం ఒకటి ఉంది. దానికో వెబ్‌సైట్. ఇంగ్లీషు పేజీలో ఏ మార్పు జరిగినా స్పానిష్, చైనీస్, హిందీ, తెలుగు పేజీల్లోనూ అదే జరగాలి. తెలుగు పేజీ నాది. ఆఫీసు పని ముగిశాక, కిటికీ అవతల పార్కింగ్ లైట్లు మెల్లగా వెలుగుతుంటే, టీ తాగుతూ రాసేవాణ్ణి. ఆ వేళ వాక్యాలు ఎవరో చెవిలో చెబుతున్నట్టు తేలిగ్గా వచ్చేవి.

ఒకసారి ఇంగ్లీషులో కొత్త వాక్యం చేర్చారు: మేము ఫోన్ చేసి ఖాయం చేస్తేనే కారు వస్తుంది, లేకపోతే రాదు అని. పెద్దవాళ్లకి ముఖం మీద అలా చెప్పడం నాకు మొరటుగా అనిపించింది. వదిలేశాను. అంతకుముందు ముచ్చటపడి రాసుకున్న "మీరు తయారుగా ఉండండి చాలు, కారు మీ గుమ్మం ముందుకే వస్తుంది" అన్నదాన్ని అలాగే ఉంచాను.

స్పానిష్ పేజీ చూసే ఆవిడ ఫోన్ చేసి, "మీ పేజీలో ఒక వాక్యం తక్కువుందేం?" అని అడిగింది. "మా భాషలో అది ఇందులోనే వచ్చేస్తుంది" అన్నాను. ఆవిడకి తెలుగు రాదు. నమ్మింది.

ఆ వసంతంలో ఒక ఉదయం పొగమంచు అపార్ట్‌మెంట్ల మధ్యకి దిగి కూర్చుంది. చెట్లకి మొదళ్లు లేవు, కార్లకి చక్రాలు లేవు. ఎదుటి బ్లాకు మెట్ల మీద ఒక పెద్దాయన, ఇస్త్రీ చొక్కా, మంకీ క్యాప్, ఒళ్లో ఫైలు. కూతురి దగ్గరికి వచ్చినాయన. వాకింగ్‌లో పలకరించుకునేవాళ్లం.

"ఎక్కడికి అంకుల్?"

"కంటి డాక్టర్ తానకు. గా వాలంటీర్ల బండి కోసం చూస్తున్న."

"వాళ్లు ఫోన్ చేశారా?"

"ఫోనెందుకు? కంప్యూటర్ల పేరు రాయించిన. గుమ్మం ముంగటికే వస్తదని తెలుగుల రాసిండ్రు గద. ఎవలు రాసిండ్రో గని, సొంతోళ్లు పిలిచినట్టే ఉంది."

ముందు నాకు కలిగింది సంతోషం. సిగ్గు ఆ తర్వాతే వచ్చింది.

అపాయింట్‌మెంట్ టైం అప్పటికే దాటుతోంది. నా కార్లో ఎక్కించుకున్నాను. "ఆ బండి నీదేనా! ముందుగాల చెప్పొద్దా బిడ్డా" అన్నాడాయన. నేను కాదనలేదు. పై వారం ఆయన ఇండియాకి తిరుగు ప్రయాణం. ఎడమ కంటికి కొన్నాళ్లుగా దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తున్నాయట. సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు మంచులో ఉబ్బి, అంచులు కరిగి, నీళ్లలో తేలుతున్నట్టుంది.

"నీకు గూడ గట్లనే కనబడ్తుందా?"

"ఇవాళ కనబడుతోంది అంకుల్."

"అయితే నువ్వు గూడ చూపించుకో" అని నవ్వాడు.

క్లినిక్‌లో రిసెప్షన్ అమ్మాయి, ఆయన టైం వేరేవాళ్లకి ఇచ్చేశామనీ, మళ్లీ ఖాళీ రెండు వారాల తర్వాతేననీ ఇంగ్లీషులో చెప్పింది.

"ఏమంటుంది?" అన్నాడాయన.

కాసేపు కూర్చోమంటోంది అనే మెత్తటి మాట నా నోట్లో తయారుగా ఉంది. మింగేశాను.

"లేటయింది, ఇవాళ చూడలేమంటోంది. మళ్లీ ఖాళీ మీరు వెళ్లిపోయాకే. తప్పు నాది అంకుల్. ఆ తెలుగు పేజీ రాసేది నేనే. ఫోన్ వస్తేనే కారు వస్తుందన్న మాట నేనే రాయలేదు."

"ఎందుకు రాయలే?"

"బాగుండదని."

ఆయన నన్ను తేరిపార చూశాడు. ఏ కంటితో ఎంత కనిపించానో. "నీ మర్యాదకు పొద్దుగాల సంది నేను చలిల కూసున్ననన్నమాట."

ఫైలు చంకలో పెట్టుకుని, కౌంటర్ వైపు చూపించాడు.

"సరే, ఎవలన్న రాకుంటే నన్ను చూస్తరేమో అడుగు."

అడిగాను. "చూడొచ్చు, చూడకపోనూవచ్చు. మాట ఇవ్వలేనంటోంది" అని చెప్పాను. ఆయన తలూపి కుర్చీలో కూర్చున్నాడు. పక్కనే కూర్చుని, వదిలేసిన వాక్యాన్ని ఫోన్లోనే తెలుగు పేజీలో పెట్టాను. గుమ్మం ముందుకొచ్చే కారుని తీసేశాను. అద్దాల అవతల మంచు పలచబడుతోంది.

మధ్యాహ్నం దాటాక ఆయన్ని పిలిచారు. లేచి రెండడుగులు వేసి, నా వైపు తిరిగాడు.

"నువ్వు గూడ లోపలికి రా. డాక్టరు ఎట్లంటే అట్లనే చెప్పాలె. మంచిదైనా, చెడ్డదైనా."