బరిలోకి నేనే పంపాలనుకున్నాను

నాకు రాయడం రాదు. నేను చెబుతుంటే మా చెల్లెలి బిడ్డ రాస్తోంది. మాది గోదావరి పక్కన బొగ్గుబావుల కాలనీ. మా ఆయన పోయిన మరుసటి ఏడు, కాలనీ ఆడపిల్లలకు కబడ్డీ నేర్పేవాళ్లు లేరంటే నేను ముందుకొచ్చాను. చిన్నప్పుడు బాగా ఆడినదాన్ని. జీతం లేదు, అడగలేదు కూడా. పొద్దున్నే పిల్లలు "పెద్దమ్మా" అంటూ వాకిట్లోకొచ్చి లేపుతుంటే ఇంట్లో మళ్లీ మనుషులున్నట్టు ఉండేది.

చొప్పదండిలో మొదటి పోటీ. పిల్లలు బరిలోకి దిగేముందు కెప్టెన్ స్వప్న తల్లి కొబ్బరికాయ, కుంకుమ తెచ్చింది. నేను స్వప్న మోకాలికి పట్టీ కడుతున్నాను.

"అక్కా, జర పక్కకు జరుగు. పిల్లలు మంచి పనికి పోతుండ్రు. నువ్వు ఎదురుంటె మంచిగుండది."

"నేర్పింది నేనే కదనే!"

"నేర్పినవు, ఎవరు కాదన్నరు? గిప్పుడు మాత్రం గా డేరా ఎన్కకు పో."

స్వప్న వైపు చూశాను. అది తల వంచుకుని బొట్టు పెట్టించుకుంది. మిగతా పిల్లలూ దాని వెనక వరుస కట్టారు. నేను డేరా వెనక్కి పోయి, కేకలను బట్టి ఆట పోల్చుకున్నాను. గెలిచారు.

తిరుగు బస్సులో స్వప్న నా పక్కన కూర్చుంది. "పెద్దమ్మా, మా అమ్మ మాటలు మనసుల పెట్టుకోకు. రేపు పొద్దుగాల వస్తవా?"

"గీ మాట మీ అవ్వ ముందట అనకపోతివి బిడ్డా!"

మరునాడు వెళ్లాను. ఇప్పటికీ నేర్పుతున్నాను. పోటీ ఉన్న రోజు మాత్రం ఇల్లు కదలను. స్వప్న తల్లి అన్న మాట నాకు కొత్త కాదు. ఎదుటి జట్టు మీదికి దమ్ము బిగబట్టి కూతకెళ్లే పిల్లలు నా కోసం ఒక్క మాట అనలేకపోయారు. మరవలేనిది అదే.