నేల కింద మరక

షామ్‌బర్గ్‌లో నేను పనిచేసే చిన్న కంపెనీకి ఆ వేసవిలో ఇక్కడి జిల్లా లాంటి ఒక కౌంటీ ఆరోగ్య శాఖ నుంచి పని వచ్చింది. మా పక్క ఊళ్లో ఎప్పుడో మూతపడిన ఒక డ్రైక్లీనింగ్ షాపు ఉంది. దాని వెనక, బట్టలు శుభ్రం చేసే ద్రావకం ఏళ్ల తరబడి నేలలోకి ఇంకింది. భూగర్భ జలంతో పాటు మెల్లగా జరుగుతూ ఇళ్ల కిందికి చేరింది. అక్కడి నుంచి ఆవిరై పైకి లేచి, బేస్‌మెంట్ నేల బీటల్లోంచి ఇంట్లోకి వస్తుంది. వాసన కూడా తెలియదు, ఏళ్ల తరబడి పీలిస్తే జబ్బు చేస్తుంది. తమ ఇల్లు ఆ మేరలో ఉందో లేదో జనం తమకు తామే చూసుకునేలా ఒక మ్యాప్ కావాలన్నారు. ఇంటి మీద క్లిక్ చేస్తే జవాబు రావాలి.

వాళ్ల వెబ్‌సైట్ చాలా పాతది. ఇప్పటి మ్యాపుల్లా జరపడం, పెద్దవి చేసుకోవడం అందులో కుదరవు. ఒక బొమ్మా, ఆ బొమ్మలో ఎక్కడ నొక్కితే ఏం కనిపించాలో చెప్పే అంకెల జాబితా, అంతవరకే పెట్టనిస్తుంది. దాన్ని ఇమేజ్ మ్యాప్ అంటారు. కౌంటీ నాకు రెండు ఫైళ్లు పంపింది. ఒకదాంట్లో ప్రతి ఇంటి స్థలం హద్దులు, అక్షాంశ రేఖాంశాల జతలుగా. రెండోదాంట్లో ద్రావకం పాకిన మేర, ఒక వంకరటింకర గీతగా. మనసులో నేను దాన్ని మరక అనుకునేదాన్ని. నా ప్రోగ్రామ్ ఆ అక్షాంశాలను బొమ్మలోని చుక్కల లెక్కలోకి మార్చాలి. మరక తాకిన ఇంటికి ‘గాలి పరీక్ష అవసరం’ అని, తాకని ఇంటికి ‘అవసరం లేదు’ అని రావాలి. పేర్లు, అడ్రసులు ఉండకూడదు. మరకను బొమ్మ మీద గీయనే కూడదని లాయర్లు చెప్పారు. కౌంటీ ప్రకటించేదాకా ఎవరితోనూ ఒక్క మాట అననని నా చేత సంతకం పెట్టించుకున్నారు.

మొదటిసారి ప్రోగ్రామ్ నడిపి పేజీ తెరిచాను. విమానం నుంచి తీసిన ఫొటో. పచ్చిక, కార్లు, ఇళ్ల కప్పులు. కింది వరుసలో, రోడ్డు గుండ్రంగా తిరిగి ఆగిపోయే చోట, సోలార్ పలకలున్న కప్పు ఒకటి కనిపించింది. అది అక్క ఇల్లు.

సొంత అక్క కాదు. ఆమెది కరీంనగర్, మాది భీమవరం. పదేళ్ల కిందట ఒక పుట్టినరోజు పార్టీలో కలిశాం, అప్పటి నుంచి అక్కా అనే పిలుస్తున్నాను. ప్రతి శనివారం పొద్దున వాళ్ల బేస్‌మెంట్‌లో పిల్లలకి తెలుగు క్లాసు జరుగుతుంది. ఆ ఏడాది పాఠం చెప్పేది ఆమె నాన్నగారు. రిటైరైన లెక్కల మాస్టారు, ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చారు. చల్లగా ఉంటుందని ఆయన పడక కూడా కిందే. పదేళ్ల మా అమ్మాయి ఆయన దగ్గర గుణింతాలు దాటి చిన్న చిన్న వాక్యాల దాకా వచ్చింది.

భయపడుతూనే ఆ కప్పు మీద క్లిక్ చేశాను. ‘అవసరం లేదు.’

ఊపిరి పీల్చుకుని టీ పెట్టుకున్నాను. టీ తాగుతూ మిగతా ఇళ్లన్నీ ఒక్కొక్కటే నొక్కి చూశాను. ఇళ్లు లేని చోట్ల కూడా నొక్కడం నాకు అలవాటు. అక్కడ ఏమీ రాకూడదు. బొమ్మ పైభాగంలో వాన నీళ్లు నిలిచే కుంట ఒకటి ఉంది. దాని మధ్యలో నొక్కాను.

‘గాలి పరీక్ష అవసరం.’

నీళ్లలో ఇల్లేమిటి అనుకున్నాను. ఒక్క క్షణం తరవాత అర్థమైంది. భూమి మీద ఉత్తరానికి పోయేకొద్దీ అక్షాంశం పెరుగుతుంది. తెర మీద లెక్క పైనుంచి కిందికి నడుస్తుంది. ఆ తేడా సరిచేసే లైను ప్రోగ్రామ్‌లో నేను రాయనేలేదు. ఫొటో నిటారుగానే ఉంది, దాని మీద నొక్కే చోట్లన్నీ తలకిందులుగా ఉన్నాయి. కింది ఇళ్ల జవాబులు పైన, పై ఇళ్లవి కింద.

దిద్దడానికి ఒక్క తీసివేత చాలు. దిద్దాను. కుంట మీద నొక్కితే ఏమీ రాలేదు. సోలార్ పలకల మీద నొక్కాను. ‘గాలి పరీక్ష అవసరం.’ మళ్లీ నొక్కాను. అదే.

మేనేజర్ దగ్గరికి వెళ్లి, అందులో నాకు తెలిసిన ఇల్లుందని చెప్పాను.

“మూడు వారాల్లో పబ్లిష్ చేస్తారు. లాయర్లు చూడాలి,” అన్నాడు.

“అక్కడ ఒక పెద్దాయన రోజూ బేస్‌మెంట్‌లో పడుకుంటున్నారు. పిల్లలొస్తారు.”

“నువ్వు చెబితే నీ ఉద్యోగం పోతుంది. మన కాంట్రాక్ట్ కూడా పోతుంది. మూడు వారాలేగా.”

నేను హెచ్1 వీసా మీద ఉన్నాను. ఉద్యోగం పోతే ఎన్ని రోజుల్లో దేశం విడిచిపెట్టాలో లెక్క ఎప్పుడూ మనసులో ఉంటుంది. నోరు మూసుకుని వచ్చేశాను.

ఆ శనివారం మా అమ్మాయిని క్లాసుకి పంపలేదు. స్విమ్మింగ్‌లో చేర్పించానని అక్కకి మెసేజ్ పెట్టి, నిజంగానే చేర్పించాను. రెండు రోజులకి ఉండబట్టలేక ఫోన్ చేశాను.

“అక్కా, మాస్టారిని పైన పడుకోమనకూడదా? బేస్‌మెంట్‌లో గాలాడదు కదా.”

“నాయినకు కిందనే మంచిగ నిద్ర పడ్తది. పైన వేడి అంటడు. ఎందుకు?”

“క్లాసు కూడా పైన హాల్లో పెట్టుకోవచ్చుగా.”

“ఏందిది? పిల్లను పంపుతలేవు, గిప్పుడేమో గిట్ల అంటున్నవ్. ఏమన్న ఉంటే సక్కగ చెప్పు.”

చెప్పాలని నోటిదాకా వచ్చింది. “ఏం లేదక్కా, ఊరికే అన్నాను,” అన్నాను.

తరవాతి శనివారం నుంచి వాట్సాప్ గ్రూపులో క్లాసు ఫొటోలు వస్తుంటే తెరవకుండా ఉండలేకపోయాను. కార్పెట్ మీద వరసగా పిల్లలు, వెనక తెల్లబోర్డు, దాని పక్కన చుట్టిపెట్టిన మాస్టారి పరుపు. అందరూ నవ్వుతున్నారు. నేను మాత్రం వాళ్ల కింద ఉన్న కార్పెట్‌నే చూశాను.

మూడు వారాలన్నది నాలుగైంది. ఒక గురువారం మధ్యాహ్నం మ్యాప్ బయటికొచ్చింది. గంటలోపే అక్క ఫోన్.

“మా ఇంటి మీద నొక్కితే పరీక్ష కావాలని వస్తున్నది. మ్యాపులు చేసేది నువ్వే కదా. ఇది నువ్వు చేసిందేనా?”

“నేనే అక్కా.”

“ఎప్పటి సంది తెలుసు?”

చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

“నాయిన గా నాలుగు వారాలు కిందనే పండుకున్నడు,” అని ఫోన్ పెట్టేసింది.

ఆ సాయంత్రం వంటింట్లో మా అమ్మాయి నా పక్కన నిలబడింది. క్లాసు పిల్లలందరికీ అప్పటికే విషయం తెలిసిపోయింది.

“అమ్మా, యూ న్యూ? నీకు ముందే తెలుసా? అందుకేనా నన్ను స్విమ్మింగ్‌కి పంపావ్?”

“అవును.”

“మరి మిగతా కిడ్స్?”

అది కాసేపు నా మొహం చూసి, ప్లేటు తీసుకుని తన గదిలోకి వెళ్లిపోయింది.

పరీక్షలో అక్క బేస్‌మెంట్ గాలి ఉండాల్సిన దానికంటే చాలా చెడ్డగా ఉందని తేలింది. కౌంటీ వాళ్లు వచ్చి నేలకి కన్నం వేసి, గొట్టం దింపి, కింది ఆవిరిని బయటికి లాగే ఫ్యాన్ బిగించారు. అది రేయింబవళ్లు తిరుగుతూనే ఉంటుంది. మాస్టారు హాల్లో సోఫా మీద పడుకుని మిగిలిన రోజులు గడిపి ఇండియా వెళ్లిపోయారు. ఆయనకి ఏమవుతుందో, అసలు ఏమన్నా అవుతుందో లేదో, ఏ డాక్టరూ చెప్పలేకపోయాడు. వెళ్లేముందు నేను కలవడానికి వెళితే, “నీ తప్పేమున్నది బిడ్డా,” అన్నారు. అక్క వంటింట్లోంచి బయటికి రాలేదు. ఇప్పుడు ఎక్కడన్నా ఎదురుపడితే మాట్లాడుతుంది, పిల్ల ఎట్లున్నదని అడుగుతుంది. ఇంటికి రమ్మని మాత్రం అనదు. నేనూ వెళ్లను.

ఆ మ్యాప్ పని ఇంకా నాదే. నేల కింది నీళ్లు జరుగుతూనే ఉంటాయి కాబట్టి కొన్ని నెలలకోసారి కొత్త గీత పంపుతారు. మొన్న వచ్చిన ఫైల్లో మరక పెద్ద రోడ్డు దాటింది. అవతల ఆరు ఇళ్లు కొత్తగా చేరాయి. అక్కడ నాకు తెలిసినవాళ్లెవరూ లేరు. ఒక పెరట్లో పిల్లలు ఎగిరే గుండ్రటి ట్రాంపొలిన్ మాత్రం ఫొటోలో స్పష్టంగా కనిపిస్తోంది.

ఆ ఆరిళ్లకీ కౌంటీ ముందుగా సంగతి చెబుతూ ఉత్తరాలు పంపితేనే కొత్త మ్యాప్ ఇస్తానని మేనేజర్‌కి మెయిల్ రాశాను. సోమవారం రాశాను. ఇవాళ శుక్రవారం. జవాబు ఇంకా రాలేదు.