కుక్కల మీద చాడీలు

చాడీలు చెప్పడంలో మా అమ్మమ్మని మించిన మనిషి ఈ భూమ్మీద పుట్టలేదు, పుట్టబోదు. ఎక్కడైనా చాడీల పోటీ పెడితే మొదటి బహుమతి ఆవిడదే. రెండోదీ ఆవిడదే. మూడోది పొరపాటున ఇంకెవరికైనా వస్తే, ఇంకో నాలుగు చెప్పి అదీ లాక్కుంటుంది.

అయితే ఒక్కటి ఒప్పుకోవాలి. మనుషుల మీద ఆవిడ పల్లెత్తు మాట అనదు. పక్కింటావిడ గురించి అడిగినా, సొంత ఆడపడుచు గురించి అడిగినా "నాకేం తెలుసే" అని నోరు మూసుకుంటుంది. ఆవిడ చాడీలన్నీ కుక్కల మీదే. అదీ ఎవరి దగ్గర? ఆ కుక్కల్ని పెంచుకుందామని ముచ్చటపడి వచ్చినవాళ్ళ దగ్గర.

అమ్మమ్మ పని ఏమిటంటే, జనం వద్దనుకుని వదిలేసిన పొట్టి కుక్కల్ని తెచ్చి, సాకి, కొత్త ఇళ్ళకి పంపడం. పొట్టివాటిలోనూ టెర్రియర్లనే తీసుకుంటుంది. "టెర్రియర్ అంటే ఏ రకం కుక్కండీ?" అని ఎవరైనా అడిగితే, "కుక్క కాదు, నాలుగు కాళ్ళ అనుమానం" అంటుంది. అది చాడీ కాదు, నిజమే. జానెడు ఒళ్ళు, మూరెడు పొగరు. ఎలకల్ని పట్టడానికి పుట్టిన జాతి కాబట్టి ఎలక ఉన్నా తవ్వుతాయి, లేకపోయినా తవ్వుతాయి. మా పెరటి రేకు కంచె పైకి మూడడుగులు కనిపిస్తుంది. భూమిలోపల ఇంకో రెండడుగులు ఉంది. అయినా నెలకోసారి ఎవరో ఒకరు పక్కింటివాళ్ళ పెరట్లో తేలుతూనే ఉంటారు.

మేముండే ఈ ఇల్లు ఇదివరకు బట్టలుతికే దుకాణం. ముందుగదిలో పొడవాటి ఇస్త్రీ బల్ల ఇప్పటికీ ఉంది, దాని మీదే కుక్కలకి గోళ్ళు తీస్తాం. వెనకగదిలో పదకొండు గూళ్ళు, ఒక్కో గూటికి ఒక అట్ట వేలాడుతుంది. అట్ట మీద ఆ కుక్క సంగతులు రాయాలి. చెప్పేది అమ్మమ్మ, రాసేది నేను. ఎందుకంటే అమ్మమ్మ కళ్ళజోడు ఎప్పుడూ ఏదో ఒక కుక్క నోట్లో ఉంటుంది. ఇక నా సంగతంటారా, తొమ్మిదో తరగతి దాకా చదువు నాతో నడిచింది, అక్కణ్ణించి నేను రానంది. ఒత్తులూ దీర్ఘాలూ నాకు ఎప్పుడు గుర్తొస్తే అప్పుడు పడతాయి.

ఎవరైనా అయితే "చలాకీ పిల్ల, పిల్లలంటే ప్రాణం" అని రాయిస్తారు. మా అమ్మమ్మ రాయించిన మొదటి అట్ట ఇది: "చెప్పుల దొంగ. జతలో ఒక్కటే తింటుంది, రెండోది చూసి మీరు ఏడవాలని." దాని పక్కదానికి: "తల్లీకూతుళ్ళు. విడదీస్తే వాళ్ళు ఏడుస్తారు, కలిపి ఉంచితే మీరు ఏడుస్తారు."

"అమ్మమ్మా, ఒక్క మంచి ముక్క రాద్దామే," అన్నాను.

"తల్లీకూతుళ్ళని రాశాంగా, చాలదూ?"

ఒకసారి కొత్త జంట వచ్చారు. ఆ అమ్మాయి ఒక బొచ్చుపిల్లని చూసి కరిగిపోయింది.

"అబ్బ, ఎంత ముద్దుగా చూస్తోందో!"

"అది ముద్దు కాదమ్మా, ఎత్తుగడ. మీ సోఫా ఏ రంగు?"

"తెలుపండీ."

"ఎన్నాళ్ళు?"

ఆ అబ్బాయికి పౌరుషం వచ్చింది. "మేం నేర్పిస్తామండీ, రెండు నెలల్లో దారికొస్తుంది."

"వస్తారు బాబూ. మీరిద్దరూ రెండు నెలల్లో దాని దారికి వస్తారు."

ముఖాలు మాడ్చుకుని వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండింది. మూడో రోజు మళ్ళీ వచ్చారు, ఫోన్లో ఫొటో చూపించారు. సోఫాకి బురదరంగు గుడ్డ తొడిగారు. అమ్మమ్మ ఫొటోని దగ్గరగా పెట్టుకుని చూసి, దూరంగా పెట్టుకుని చూసి, "ఇంకాస్త ముదురు రంగైతే బాగుండేది," అని గొణిగి కుక్కని చేతిలో పెట్టింది.

ఇవ్వడానికి ముందు ఇల్లు చూడటం ఒకటుంది. అందరూ గోడలు చూస్తారు, గేటు చూస్తారు. అమ్మమ్మ గుమ్మం దాటగానే నేల మీద చేతులూ మోకాళ్ళూ ఆనించి పాకుతుంది. కుక్క ఎత్తు నుంచి చూస్తే కానీ ఇల్లు ఎలాంటిదో తెలీదట. ఒక పళ్ళ డాక్టరుగారింట్లో ఇలాగే మంచం కిందకి దూరి, అక్కణ్ణించే కేకేసింది.

"డాక్టరుగారూ, ఇక్కడున్న తీగని ప్లగ్గులోంచి తీసెయ్యండి. మీ బంగారం ఉంగరం ఒకటి దొరికింది. ఇల్లు బాగుంది. నన్ను లాగండి."

భార్యాభర్తలిద్దరూ చెరో కాలు పట్టుకుని లాగారు. ఆ ఉంగరం గురించి వాళ్ళు అప్పటికి మూడేళ్ళుగా పోట్లాడుకుంటున్నారట.

ఇక మైకు సంగతి.

మైకు అంటే ఒక ముసలి టెర్రియర్. గోధుమరంగు, ఒక చెవి పైకి, ఒక చెవి కిందకి. పాలవాడు వచ్చినా, వర్షం వచ్చినా, తనకే తుమ్ము వచ్చినా మొరుగుతాడు. అందుకే ఆ పేరు. అన్ని గూళ్ళలోకీ కుక్కలు వస్తున్నాయి, పోతున్నాయి. మైకు మాత్రం రెండేళ్ళుగా అక్కడే. ఎవరైనా వాడి గూటివైపు చూస్తే చాలు, అమ్మమ్మ పరిగెత్తుకొచ్చేది. మామూలు కుక్కకి నాలుగు చాడీలైతే మైకుకి నలభై.

మంగళవారం మంగళవారం వచ్చే పశువుల డాక్టరు ఒకరోజు మైకు గుండె చూసి, తన చెవుల్లోంచి గొట్టాలు తీసేశాడు.

"పెద్దమ్మా, వీడికి మందులక్కర్లేదు. ఒక మనిషి కావాలి. వచ్చే చలికాలం కూడా ఈ గచ్చు మీద, పదిమందిలో ఒకడిగా పడుకున్నాడంటే నేను మాటివ్వలేను."

"ఇస్తే మళ్ళీ తెస్తారు," అంది అమ్మమ్మ. అని లోపలికి వెళ్ళిపోయింది.

డాక్టరు నాతో మెల్లిగా చెప్పాడు. నేను ఇక్కడికి రాకముందు, మొదట్లో, అమ్మమ్మ కూడా అందరిలాగే కుక్కల్ని పొగిడేదట. మైకుని అయితే ఆకాశానికెత్తేసిందట. మూడిళ్ళవాళ్ళు మురిసిపోయి తీసుకెళ్ళారు. మా దగ్గర ఒక పద్ధతుంది. నచ్చకపోతే పదిహేను రోజుల్లో కుక్కని తెచ్చి ఇచ్చెయ్యొచ్చు. మూడుసార్లూ వాణ్ణి తెచ్చేశారు. "మీరు చెప్పింది ఈ కుక్క గురించేనా?" అని అడిగారట. మూడోసారి వాడు తాడు విప్పకముందే గూట్లోకి వెళ్ళి, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఆ రోజు నుంచే అమ్మమ్మ ఏ కుక్కనీ పొగడలేదు.

ఆ వారంలోనే ప్రూఫుల మాస్టారు వచ్చాడు. ముప్ఫయ్యేళ్ళు ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్ది రిటైరైన మనిషి. కుక్క కోసం రాలేదు. వీధిలో మా బోర్డు చూసి, ఉండబట్టలేక వచ్చాడు. జేబులో ఎర్రకలం కూడా ఉంది.

"ఏమ్మా, 'కుక్కలకు దత్తత ఇవ్వబడును' అని రాశారు. కుక్కలకి ఎవర్ని ఇస్తారు?"

"మిమ్మల్నే," అంది అమ్మమ్మ. "రండి లోపలికి."

ఆయన వెనకగదిలో ఒక్కో అట్ట దగ్గరా ఆగి దిద్దుకుంటూ పోయాడు. ఇక్కడో దీర్ఘం, అక్కడో ఒత్తు. నా పరీక్ష పేపర్లు కూడా అంత ఎర్రగా తిరిగి రాలేదు. చివరికి మైకు అట్ట దగ్గరికొచ్చాడు. "ముసలాడు. పళ్ళు నాలుగు. ఎడమ చెవి వినపడదు. మనిషిని చూస్తే చాలు, మరుగుతాడు. ఎంత తిట్టినా మానడు."

చదివాడు. మళ్ళీ చదివాడు. ఎర్రకలానికి మూత పెట్టేశాడు.

"ఇదొక్కటీ బాగా రాశావమ్మాయ్."

అమ్మమ్మకి అనుమానం వచ్చింది. "ఏం రాశావే? చదువు."

చదివాను.

"ఓసి నీ చదువు తగలెయ్య! మరుగుతాడా? మొరుగుతాడే, మొరుగుతాడు! ఒత్వం ఏదీ, మింగేశావా?"

"ఇప్పుడే పెడతాను అమ్మమ్మా."

"ఉండనివ్వండి," అన్నాడు మాస్టారు. "ముప్ఫయ్యేళ్ళలో దిద్దబుద్ధి కాని తప్పు ఇదొక్కటే తగిలింది. మనిషిని మరిగితే వదలదు కదండీ కుక్క. ఏరా, అంతేనా?"

మైకు భౌమన్నాడు.

"చూశారా, మొరిగాడు!" అంది అమ్మమ్మ.

"నన్ను చూస్తేనేగా," అన్నాడు మాస్టారు.

అప్పుడు మొదలైంది చాడీల వాన. అమ్మమ్మ మైకు పక్కకి చేరి, నడుం మీద చెయ్యి వేసుకుని అందుకుంది.

"మీ పుస్తకాలన్నీ చింపేస్తాడు."

"నాలుగు పళ్ళతోనా?"

"మంచమెక్కి దిగడు. మీ కళ్ళజోడు తింటాడు. చెప్పిన మాట వినడు."

"ఒక చెవేగా పనిచేసేది. సగం మాటలు వింటే చాలు, మా ఆఫీసులో సగం కూడా వినేవారు కాదు."

"పొద్దున్న నాలుగింటికి లేపుతాడు."

"నేను మూడింటికే లేస్తాను."

అమ్మమ్మకి మాటలు అయిపోయాయి. నా జన్మలో అది మొదటిసారి చూశాను. నావైపు తిరిగి, "ఏమే, అలా నిలబడతావేం? ఇంకేముంది వీడి మీద?" అంది.

"గురక," అన్నాను.

"నేనూ పెడతానమ్మా," అన్నాడు మాస్టారు. తరవాత కాస్త గొంతు తగ్గించి చెప్పాడు. "తప్పులు ముందే తెలిసిన పుస్తకం చదవడం హాయండీ. తీరిగ్గా చదవచ్చు. ఇవ్వడం మీకు ఇష్టంలేకపోతే అది వేరే సంగతి."

అమ్మమ్మ మైకు మెడపట్టీ సరిచేసింది. "ఇల్లు చూడాలి," అంది.

మాస్టారిది రెండు గదుల ఇల్లు, నేల మీద కూడా పుస్తకాలే. అమ్మమ్మ వాటి మధ్య పాకింది. ఎంత వెతికినా ఒక్క తప్పూ దొరకలేదు. చివరికి బల్ల కింద నుంచి, "ఇక్కడ తలుపు సందులోంచి చలిగాలి కొడుతోంది. వీడి పరుపు కిటికీ వైపుకి జరపండి," అంది. పరుపు ఇంకా కొననేలేదు. నాకు అర్థమైంది, ఇచ్చేసిందని.

ఆ పదిహేను రోజులూ అమ్మమ్మని భరించడం కుక్కల వల్ల కూడా కాలేదు. మైకు గూడు ఖాళీగానే ఉంచింది. కొత్తగా వచ్చిన కుక్క బట్టల తొట్టిలో పడుకుంటోంది కానీ, ఆ గూట్లోకి దాన్ని రానివ్వలేదు. పదో రోజున, "ఫోన్ చేద్దామా?" అన్నాను. "చేస్తే గుర్తొస్తుంది వాళ్ళకి, తెచ్చి ఇవ్వచ్చని," అంది.

పదిహేనో రోజు సాయంత్రం వీధి తలుపు తీసి చూద్దును కదా, మాస్టారు. చంకలో మైకు. ఇంకో చేతిలో సంచీ.

అమ్మమ్మ వెళ్ళి గూడు తలుపు తీసి, లోపలి దుప్పటి దులిపింది. నాకు మాస్టారి సంచీ లాక్కుని వీధిలోకి విసిరెయ్యాలనిపించింది.

"పదిహేను రోజుల్లోపు తప్పులేమైనా ఉంటే చెప్పమన్నారు కదండీ," అన్నాడు మాస్టారు.

"చెప్పండి," అంది అమ్మమ్మ వెనక్కి తిరక్కుండానే.

"పదకొండు ఉన్నాయి."

"వాడిలోనా?"

"మీ చాడీల్లో."

సంచీలోంచి కాగితం తీశాడు. ఎర్రసిరాతో రాసుకొచ్చాడు. "కళ్ళజోడు తింటాడన్నారు. తినడు, దాని మీద పడుకుంటాడు. మంచమెక్కుతాడన్నారు. ఎక్కలేడు, నేనే ఎత్తి పెడుతున్నాను. నాలుగింటికి లేపుతాడన్నారు. ఏడైనా లేవడు, టీ వాసన తగలాలి. చెప్పిన మాట వినడన్నారు..." అంటూ కిందకి దించాడు వాణ్ణి. "ఇది మాత్రం నిజమే. దిద్దలేదు."

మైకు గచ్చు మీద నిలబడి అటూ ఇటూ వాసన చూశాడు. తెరిచిన గూడు చూశాడు. నింపాదిగా వచ్చి మాస్టారి పాదం మీద కూర్చున్నాడు. కూర్చుని, అమ్మమ్మని చూసి గొంతు చించుకుని మొరిగాడు.

అమ్మమ్మ నోరు తెరిచింది. నేను బెదిరిపోయాను, బాధపడుతుందేమోనని. ఆవిడ చప్పట్లు కొట్టింది!

"ఎప్పుడూ లేనిది నన్ను చూసి మొరిగాడే! పరాయిదాన్ననుకున్నాడే! రెండేళ్ళు నా చేతి తిండి తిని, నన్ను దొంగననుకున్నాడు చూడు, వెధవ!" లాటరీ తగిలినదానిలా గదంతా తిరిగింది. డాక్టరుకి ఫోన్ చేసి, ఫోన్లో మైకు చేత మొరిగించి వినిపించింది.

వెళ్ళబోతూ మాస్టారు నన్ను పక్కకి పిలిచాడు. తప్పులు పట్టే కన్ను కదా, ఊరుకోదు.

"అమ్మాయ్, ఆ రోజు మీ అమ్మమ్మగారు వీణ్ణి తిట్టారే, ఏ వైపు నిలబడ్డారో చూశావా?"

"ఎడమవైపు. ఎప్పుడూ అటే నిలబడుతుంది."

"ఆ వైపు చెవి వీడికి వినపడదు," అని చెప్పి, మైకుని ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

నేను లోపలికి వెళ్ళాను. అమ్మమ్మ అప్పటికే తొట్టిలోని కుక్కని మైకు గూట్లోకి తోస్తూ, దాని వంశాన్నంతా తిడుతోంది.

"అమ్మమ్మా, నీ గురించి రాస్తాను. నువ్వెంత మంచిదానివో నలుగురికీ తెలియాలి."

"అలాంటి పని చేశావంటే కాళ్ళిరగ్గొడతాను," అంది అమ్మమ్మ. "అది చదివి నలుగురు వస్తే, వాళ్ళతో పొద్దస్తమానం మంచిగా ఎవరుంటారే, మీ తాతా?"