నీళ్లకు ఆఫ్ టికెట్టు లేదు

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, శామీర్‌పేట చెరువు మీద షికారు అంటే తొక్కుడు పడవలే. వాటి మధ్యకు మా మేనమామ ఒక పెద్ద లాంచీని దించాడు. కింద బెంచీల గది, పైన రేకుల నీడలో ఇంకో అంతస్తు. ఒకప్పుడు గోదావరి మీద జనాన్ని రేవు దాటించిన లాంచీ అది. అక్కడ వంతెన కట్టాక పని లేక ఒడ్డున పడి ఉంటే కొని, రెండు ముక్కలు చేయించి, లారీల మీద తెచ్చి, గట్టు పక్కన మళ్లీ అతికించాడు. పదో తరగతితో చదువు ఆపేసి లెక్కలు మాత్రం సొంతంగా నేర్చుకుంటున్న నాకు అందులో రెండు పనులిచ్చాడు: మైకులో లాంచీ చరిత్ర చెప్పడం, ఎక్కేవాళ్లను లెక్కపెట్టడం. (మొదటిది ఎవరూ వినేవారు కాదు, రెండోది ఎవరూ ఒప్పుకునేవారు కాదు.)

ఒక ఆదివారం తూంకుంట నుంచి పెండ్లివాళ్లు వచ్చారు. కొత్త జంట, చుట్టాలు, వాళ్లందరికీ పెద్దగా పెండ్లికొడుకు తండ్రి పటేల్. ఆయనకు నచ్చితే ఆ చుట్టుపక్కల ఫంక్షన్లన్నీ మనకే వస్తాయని మామ ఆశ. "గీ బేరం చెడితే నువ్వు గూడ ఇంటికే" అని నాకు ముందే చెప్పాడు. లాంచీ మీద 'అరవై మంది' అని రాసి ఉంది. నేను లెక్కపెడితే డెబ్బై నాలుగు.

"పద్నాలుగు మంది రెండో ట్రిప్పుకు ఆగాలె పటేలా" అన్నాను.

"పెండ్లోళ్లల్ల ఎవల్ని ఆపమంటవ్? ఆగినోడు మల్ల నాతోని జన్మల మాట్లాడడు. నీ లెక్కనే తప్పు. పెద్దోళ్లు నలభై ఆరు. పోరగాండ్లు ఇరవై ఎనిమిది, ఆఫ్ టికెట్ల లెక్కన పద్నాలుగు. ఎంతయింది?"

అరవై అయింది. కూడికలో తప్పు లేదు, నా మంటంతా అదే. "అది బస్సు లెక్క పటేలా. నీళ్లకు ఆఫ్ టికెట్ తెల్వది."

"ఒక్కొక్కడు పిట్టంత లేడు గదరా." (ఆ పిట్టల్లో ఒకటి అప్పటికే మామ కుర్చీ కాలు విరగ్గొట్టింది.)

మామ నా చెవి దగ్గరికొచ్చాడు. "నడిమిట్ల దాక పోయి మలుపుదం, ఊకో."

"లోతు నడిమిట్లనే ఎక్కువ మామా" అని, ఇంజను తిప్పి స్టార్ట్ చేసే హ్యాండిల్ ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను. మామ తిట్టాడు, పటేల్ అరిచాడు, నేను లేవలేదు. అప్పుడు పై అంతస్తులోంచి కొత్త పెండ్లికూతురు నెమ్మదిగా అంది: "నాకు ఈత రాదు. నేను దిగుత." కొత్త కోడలు దిగాక మిగతావాళ్లు ఏ ముఖంతో కూర్చుంటారు? పెండ్లికొడుకు దిగాడు, అత్తలు దిగారు, పిట్టలన్నీ దిగాయి.

ఒక అవ్వ మాత్రం కదల్లేదు. "మల్ల మెట్లు దిగుడు నాతోని గాదు. నడుపు బిడ్డా."

పళ్లు కొరుకుతూ మామ చుక్కాని పట్టాడు. నేను హ్యాండిల్‌తో ఇంజను తిప్పి, మైకు పట్టాను. వంతెన లేని కాలంలో ఈ లాంచీ బాలింతలను, బర్రెదూడలను, బడి పంతుళ్లను ఎలా దాటించిందో అవ్వ ఒక్కదానికే పూర్తిగా చెప్పాను. మొదటిసారి ఒకరు చివరిదాకా విన్నారు. "గంత పని జేసి, ఇప్పుడు చెర్ల గిరగిర తిరుగుతాందా, పాపం" అంది.

ఒడ్డుకు రాగానే, "రేపటి సంది రాకు" అన్నాడు మామ. హ్యాండిల్ ఆయన చేతిలో పెట్టి నడుచుకుంటూ వచ్చేశాను.

నెత్తి నెరిసిన ఈ వయసులో ఆ పోరడు నాకు ఎదురైతే, పెద్దవాళ్లతో కాస్త మెల్లగా మాట్లాడరా అంటాను. లెక్క మార్చమని మాత్రం అనను.