చప్పుడు లేని పాఠం

నిన్న ఆటోలో సలాబత్‌పురా సందుల్లోంచి వస్తుంటే, ఒక మలుపులో మరమగ్గాల మోత ఒక్కసారిగా మీద పడింది. ఫోన్‌లో అవతలివాళ్ల మాట వినిపించక పెట్టేశాను. ఆ మోత చెవిన పడితే చాలు, నాకు నర్సయ్య సార్ గుర్తొస్తారు.

సూరత్‌లో, మగ్గాల పనికి వలస వచ్చినవాళ్ల పిల్లలు చదివే మా తెలుగు బడిలో నేను టీచరుగా కొత్తగా చేరిన ఏడాదే కరోనా వచ్చింది. సార్ మా లెక్కల మాస్టారు, సొంతూరి యాస వదలనివారు, పదవీ విరమణకు దగ్గర్లో ఉన్నారు. ఆయన ఫోన్‌ను మాట్లాడటానికి తప్ప వాడేవారు కాదు. నేనేమో వీడియో పాఠాలు చేయడంలో పేరు తెచ్చుకున్నాను. నా గొంతు బాగుంటుందని అందరూ అనేవారు, నాకూ ఆ నమ్మకం ఉండేది. లాక్‌డౌన్ ఎత్తేశాక మగ్గాలు మళ్లీ తిరిగాయి గానీ బడి తెరుచుకోలేదు. ఏడో తరగతిలో అఖిల అనే అమ్మాయి ఒక్క పాఠానికీ జవాబు పంపలేదు. జాబితాలో ఆమె పేరు పక్కన ‘ఆసక్తి లేదు’ అని రాశాను.

సార్ అది చదివారు. “నడువు బిడ్డా, ఆ పిల్లను ఒక్కపాలి చూసొద్దాం” అన్నారు.

ఊరి శివార్లలోని వడోద్‌లో వాళ్లది మేడ మీది ఒంటి గది. కింద మగ్గాలు. మెట్లెక్కుతుంటే గోడ అదురుతోంది. అఖిల ఫోన్‌ను ఒక చెవికి అదిమిపెట్టి, రెండో చెవిని వేలితో మూసుకుని నా పాఠమే వింటోంది. ఫోన్ అడిగి తీసుకుని నేనూ అలాగే పెట్టుకున్నాను. నా గొంతు నాకే వినిపించలేదు.

ఇంతలో వాళ్ల నాన్న మల్లేశం పని మధ్యలో పైకొచ్చాడు. “పొద్దంత ఫోన్ వట్టుకొనే కూసుంటది సార్. ఏం జెప్పిన్రే అంటే తెల్వదంటది. గిట్లయితే ఏం ఫాయిదా? సోమారం సంది చీరలకు చెమ్కీలు అతికే పనికి తోలుతా.”

“పది దినాలు ఆగు తమ్మీ” అన్నారు సార్.

కిందికి దిగాక ఆయన మగ్గాల గది గుమ్మంలో ఆగిపోయారు. లోపల ఇద్దరు పనివాళ్లు ఆ మోతలో చేతి సైగలతోనే మాట్లాడుకుంటున్నారు. ఒకరు దారం తెగిందంటే, ఇంకొకరు చాయ్ వచ్చిందంటున్నారు. సార్ చాలాసేపు వాళ్లనే చూశారు. “గీళ్లు దినమంత నోరు తెరవకుంటనే గడుపుతున్నరు. మనం ఒక్క పాఠం జెప్పలేమా?” అన్నారు.

మర్నాడు ఖాళీ తరగతి గదిలో రెండు బల్లల మధ్య నా ఫోన్‌ను కిందికి చూసేలా కట్టాం. భిన్నాల పాఠం కోసం దాని కింద తెల్లగుడ్డ పరిచాం. సార్ దాన్ని సగానికి మడిచి విప్పి, ఒక సగానికి ఎర్రరంగు పూశారు. మళ్లీ అడ్డంగా మడిచి విప్పితే నాలుగు గళ్లు, వాటిలో రెండు ఎర్రవి. ఎరుపు పెరగలేదు, తగ్గలేదు. ఒకటి బై రెండు, రెండు బై నాలుగు అని రెండు చీటీలు పక్కపక్కన పెట్టారు. అయితే ముప్పై ఏళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? మడత విప్పగానే “చూసిన్రా పిల్లలూ” అనేసేవారు. మళ్లీ మొదటినుంచి తీయమనేవారు.

“మాట్లాడండి సార్, తర్వాత శబ్దం తీసేస్తాను” అన్నాను.

“వద్దు బిడ్డా. నోరు జెప్తుంటే చెయ్యి బద్దకిస్తది.”

ఐదోసారికి కుదిరింది. ఆ రోజే పిల్లలందరి ఫోన్లకూ పంపాం.

ఎనిమిదో రోజున అఖిల నుంచి వీడియో వచ్చింది. అందులో ఆమె చేతులు ఒక చీర ముక్కను మూడుగా, తర్వాత ఆరుగా మడిచాయి. మేము నేర్పని లెక్క అది. చివర్లో ఒక మడత వంకరపోతే, పక్కనుంచి నూనె మరకలున్న పెద్ద వేలొకటి వచ్చి దాన్ని సరిచేసింది.

“మల్లేశం ఏలే అది” అన్నారు సార్. ఆ వీడియో నాలుగుసార్లు వేయించుకుని చూశారు. అఖిల చెమ్కీల పనికి పోలేదు.

మరుసటి ఏడాది రెండో దఫా కరోనాలో సార్ పోయారు. ఆస్పత్రిలోకి ఎవరినీ రానివ్వలేదు. బడి తెరిచాక ఆయన కుర్చీలో చాలా రోజులు ఎవరమూ కూర్చోలేదు.

ఇప్పుడు మా తరగతిలో గోడంత తెర ఉంది. బొమ్మలు కదులుతాయి, వేలితో తాకితే తిరుగుతాయి. అయినా పిల్లలు ఇంట్లో చూడాల్సిన పాఠం చేసే ముందు ఎవరో ఒకరి ఇంటికి వెళ్లి వస్తాను. అక్కడ వెలుగెంత, ఫోన్ ఎవరి చేతిలో ఉంటుంది, పిల్ల ఏ మూలన కూర్చుంటుంది అని చూస్తాను. మొన్న ఒక తల్లి కంగారుపడి, “ఏం గావాలె మేడమ్?” అని అడిగింది.

“ఏం వద్దమ్మా, జరసేపు కూసొని పోత” అన్నాను.

సూరత్‌లో పుట్టి పెరిగిన నా నోట, ఆ మాట సార్ యాసలోనే వచ్చింది.